లూసోరియా: రైనునదీతీరమందలి రోమక యుద్ధనౌకలు

సంస్కృతమందలి 'నౌ' శబ్దమును, గ్రీకుభాషలోని 'నౌస్' పదమును, లాటినుభాషలోని 'నావిస్' పదమును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞు లంగీకరించిరి. వైయాకరణులు నుదధాతువునకు ఉణాదియగు డౌప్రత్యయముఁ జేర్చి నౌశబ్దమును సాధించిరి. అరిత్రశబ్దమును ఋధాతువుమీఁద ఇత్రప్రత్యయముచే సిద్ధించినది. ఈ యరిత్రమునకు గ్రీకున 'ఎరెట్మోన్', లాటినున 'రేముస్' అనునవి జ్ఞాతిశబ్దములు. ఆ రెండు భాషలయందును వానికిఁ దెడ్డనియే యర్థము. వేదమునను అరిత్రము తెడ్డే. కాని యమరసింహుఁడు దానిని కేనిపాతకముతోఁ బర్యాయముగాఁ జెప్పెను. వేదమునఁ దెడ్డయినది కోశమునఁ జుక్కాని యయ్యెను. శబ్దము చెక్కుచెదరక నిలిచియుండఁగనే యర్థము చోటు మాఱినది.

ఇట్లు శబ్దము నిలిచి యర్థము కదలినపుడు, ఏ కాలమున నేయర్థము విద్యమానమై యుండెనో కేవలము గ్రంథములఁ జూచి నిర్ణయించుట కష్టము. ఆ వస్తువే లభించినచో విచారము మఱియొక మార్గమునఁ బడును. రోమకులు 'నావిస్ లూసోరియా' యని వ్యవహరించిన నౌక యిట్టిది. దానిపేరు గ్రంథములలో నుండెను. దాని రూపము మాత్రము తెలియకుండెను. జర్మనీదేశమున రైనునది యొడ్డుననున్న మైంట్స్ నగరమున 1981వ సంవత్సరాంతమున బయల్పడి, 1994 నుండి యచ్చటి ప్రాచీన నౌకాయాన ప్రదర్శనశాలయందుఁ జూపఁబడుచున్న నౌకలవలన నా రూపము కొంతవఱకుఁ దెలియవచ్చినది. గ్రంథములు చెప్పిన దెంత, కొయ్య చెప్పిన దెంత, ఒకదానిని విడిచి మఱియొకటి చెప్పఁజాలనిది యెంత యనునది యీ వ్యాసమున విచార్యవిషయము.

శబ్దవిచారము

లాటినున 'లూదెరె' యనఁగా నాడుట, క్రీడించుట. దానినుండి క్రీడాసంబంధియను నర్థమున 'లూసోరియుస్' అను విశేషణము పుట్టినది. నావిస్ శబ్దము మన నౌశబ్దమువలెనే స్త్రీలింగము గాన, విశేషణమును స్త్రీలింగమున 'లూసోరియా' యైనది. యోగార్థమున నిది కేళినౌక.

క్రీ. శ. 1వ శతాబ్దమున సెనెకా యను తత్త్వవేత్త ఉపకారములను గూర్చి రచించిన గ్రంథమున నీ పదమును యోగార్థమందే ప్రయోగించెను. క్రూరుఁడగు రాజునకుఁ బ్రత్యుపకారము చేయవలసివచ్చినచో నేమి పంపవచ్చును, ఏమి పంపరాదు అని యాతఁడు విచారించును. యుద్ధనౌకలఁ బంపరాదఁట, కేళినౌకలను, శయ్యాగృహములుగల నౌకలను, సముద్రముపై రాజులు విలసించుట కుపయోగించు నిట్టి యాటవస్తువులను బంపవచ్చునఁట. కావున సెనెకా కాలమున లూసోరియా యుద్ధనౌకకు సమానము కాదు సరికదా, ప్రతియోగి.

మూఁడువందల యేండ్లు గడచునప్పటికి అదే పదము రైను, డాన్యూబు నదులపై సామ్రాజ్యపు సరిహద్దును గాచు సైనికనౌకకు రూఢమైనది. రూఢి యోగార్థము నపహరించు ననుటకు లక్ష్యముగా దీనిని విద్యార్థులకుఁ జూపవచ్చును. మార్పున కేమి కారణమో ప్రాచీనులు వ్రాసిపెట్టలేదు. తేలికయై, చుఱుకై, నీటిమీఁద నాడునట్లు పోవుటవలన నా పేరు కలిగెనని యొక యూహ. ఊహగనే దానిని గ్రహింపవలెను.

గ్రంథసాక్ష్యము

4వ శతాబ్దమున నీ నౌకలను గూర్చి విశేషముగాఁ జెప్పినవాఁడు అమ్మియానుస్ మార్సెల్లీనుస్ అను చరిత్రకారుఁడు. స్వయముగా సైన్యమునఁ బనిచేసినవాఁడు గనుక నాతని మాట కాదరము హెచ్చు. క్రీ. శ. 357-358 శీతకాలమున జూలియను ఫ్రాంకుల దండు నొకదానిని మ్యూజ్ నదీతీరమందలి కోటలలో ముట్టడించెను. ముట్టడి 54 దినములు సాగినది. రాత్రివేళ నది గడ్డకట్టినచో శత్రువులు దానిపై నడచి తప్పించుకొందురని శంకించి, సైనికులను లూసోరియాలలో నెక్కించి, మంచు గట్టిపడకుండునట్లు నదిపై నిటునటు తిరుగుచుండుఁడని యాతఁ డాజ్ఞాపించెను. ఇచట నౌక పోరాడుట లేదు. నీటిని నీరుగా నుంచుటయే దాని పని.

రెండవ ప్రయోగము 359వ సంవత్సరమున, మైంట్స్ ప్రాంతముననే జరిగినది. రైనునకు ఆవలి యొడ్డున అలమానులు కాచియుండిరి. నాఁడు దొరకిన నౌకలు 40 మాత్రమే. చుఱుకైన సైనికులను 300 మందిని వానిలో నెక్కించి రాత్రివేళ నదిపై దిగువకుఁ బంపిరి. నీటిచప్పుడు శత్రువుల చెవిఁ బడకుండుటకై తెడ్లను సైత మెత్తిపట్టి, ప్రవాహముతోడనే సాగవలసినదని యాజ్ఞ. వా రావలియొడ్డుఁ జేరి, విందు ముగించి మరలుచున్న శత్రురాజులను సంభ్రమమున ముంచిరి.

మూఁడవ సాక్ష్యము శాసనరూపమైనది. హొనోరియుస్, రెండవ థియోడోసియుస్ అను చక్రవర్తుల పేర 412వ సంవత్సరమున డాన్యూబునదీ లూసోరియాలను గూర్చి యొక యాజ్ఞ వెలువడి థియోడోసియుస్ ధర్మసంహితయందుఁ జేర్పఁబడినది. మీసియా సరిహద్దునకు 90 క్రొత్త నౌకలు, మరమ్మతు చేసిన పాతవి 10, సిథియా సరిహద్దునకు 110 క్రొత్తవి, మరమ్మతు చేసినవి 15, వెరసి 225. ఏడేండ్లలో నీ పని ముగియవలెనని గడువు. ఈ సంఖ్యలవలన రెండు సంగతులు తెలియుచున్నవి. ఈ నౌకలు పెద్దయెత్తున నిర్మింపఁబడుచుండెను. ప్రాఁతవానిని పాఱవేయక బాగుచేసి వాడుట రాజాజ్ఞలో లెక్కకు వచ్చునంతటి నిత్యకార్యమై యుండెను.

నాలుగవ సాక్ష్యము మౌనము. యుద్ధశాస్త్రమును సంగ్రహించిన వెజీటియుస్ తన గ్రంథపు టవసానమున నావికయుద్ధమును వర్ణించెను. అచ్చట డాన్యూబుపై ప్రతిదినమును గావలికాయు లూసోరియాల ప్రసక్తి వచ్చినది. కాని వానినిగూర్చి తాను చెప్పఁబోవుట లేదని యాతఁడు విడిచిపెట్టెను. అతఁడు చెప్పిన కారణము గమనింపఁదగినది: ఆ నౌకల విషయమున నిత్యాభ్యాసము ప్రాచీనవిద్య చూపినదానికంటె నధికమైన నేర్పును గనిపెట్టినదఁట. శాస్త్రగ్రంథకర్త యొకఁడు, శాస్త్రముకంటె వాడుక ముందుకుఁ బోయినదని యొప్పుకొని, ఆ కారణముచేతనే వ్రాయుట మానినాఁడు. ఆతని సమకాలికులకు దానివలన నష్టము లేదు. నదియొడ్డునకుఁ బోయి చూచుకొనఁగలరు. తరువాతివారికి మాత్రము పదునైదు శతాబ్దముల చీఁకటి మిగిలినది. ఈ నౌకను పలకలఁ గూర్చి యెట్లు కట్టిరో తెలుపు ప్రాచీనవాక్యము లేదు.

శిల్పసాక్ష్యము నీ కొఱఁతను దీర్చదు. మైంట్స్ సమీపమున దొరకిన 1వ శతాబ్దపు సమాధిశిల యొకటి బ్లుస్సుస్ అను నావికునిది. శాసనమున నాతని వృత్తి 'నౌటా' యని యున్నది. ఇదియు నౌశబ్దమునకుఁ జుట్టమే. శిల వెనుకవైపున నతని సరకుల పడవ చెక్కఁబడినది. వెలుపలి యాకారమును శిల్పి చూపఁగలిగెను. లోపలి కట్టడము నాతఁడు చూపవలసిన పని లేదు.

దారుసాక్ష్యము

మైంట్స్ నగరము రోమకుల 'మోగొంటియాకుమ్'. క్రీ. పూ. 13 ప్రాంతమున సేనానివేశముగా వెలసి, రైను సరిహద్దున ముఖ్యస్థానమై యుండెను. 1981వ సంవత్సరాంతమున నది కెదురుగానున్న యొక హోటలును విస్తరించుటకుఁ బునాదులు త్రవ్వుచుండఁగా నల్లని కొయ్యపలకలు బయటపడినవి. పూర్వకాలమున నది యిచటిదాఁక నుండెను. ఒడ్డు క్రమముగా వెనుకకు జరిగినది. నీరు విడువని యొండ్రుమట్టిలో గాలి చొరకుండుటచేఁ గొయ్య క్రుళ్లలేదు. 1982వ సంవత్సరారంభమున, కట్టడపుఁబని ముందునకు సాగవలసినంతలోనే, పురావస్తుజ్ఞులు శీఘ్రముగాఁ గొలతలు, చిత్తరువులు సిద్ధపఱచి యవశేషములను వెలికిఁ దీసిరి. తేలినవి అయిదు నౌకల భాగములు. ఏదియు సంపూర్ణముగా లేదు.

వానిలో నాలుగొక జాతివి, ఒకటి వేఱొక జాతిది. మొదటి జాతికి పండితులు 'మైంట్స్ - అ' యని గుఱుతుపేరు పెట్టిరి. పొడవు సుమారు 21 మీటర్లు, వెడల్పు సుమారు 2.8 మీటర్లు, అనఁగా వెడల్పునకుఁ బొడవు ఏడురెట్లకుఁ బైమాట. సుమారు 30 మంది తెడ్లు వేయుదురనియు, నడుమఁ దెఱచాపకొయ్య నిలుచుననియు నిర్ణయించిరి. రెండవ జాతి పొట్టిగా, వెడల్పుగా నుండును. అది యధికారుల రాకపోకలకును, తనిఖీకిని వాడినదై యుండునని యూహ.

కొయ్య సింధూరవృక్షమువర్గమునకుఁ జేరిన ఓకుచెట్టుది. ఆ చెట్లు నఱకిన కాలమును వలయములే చెప్పినవి. చెట్టు ఏటి కొక్క వలయముచొప్పునఁ బెరుఁగును. వానకాలము మంచిదైన యేఁట వెడల్పును, చెడ్డదైన యేఁట నిఱుకును నగు నా వలయముల వరుస యొక ప్రాంతపు చెట్లన్నిటను పోలియుండును. తెలిసిన వరుసతోఁ బోల్చి చూచినచో నఱకిన యేఁడు దేలును. ఆ లెక్కచే నీ నౌకల నిర్మాణమును, మరమ్మతులును 370ల నుండి 390ల వఱకుఁ గల కాలమునకుఁ జేరినవని తేలెను. ఒకే నౌకలో వేఱువేఱు సంవత్సరముల కొయ్య యుండుట ప్రత్యేకముగా గుర్తింపవలసినది. కట్టిన కొన్ని యేండ్లకుఁ బలక మార్చిరి. మఱికొన్ని యేండ్లకు మరల మార్చిరి. 412 నాఁటి యాజ్ఞలో డాన్యూబునకుఁ జెప్పిన 'ప్రాఁతవాని మరమ్మతు' రైనుపై నంతకుముందే యెట్లు జరుగుచుండెనో యిచటఁ గంటికిఁ గనఁబడుచున్నది.

అంతకంటె ముఖ్యమైనది కట్టడపుఁ బద్ధతి. మధ్యధరాసముద్రతీరముల ప్రాచీనపద్ధతి ప్రకారము మొదటఁ బై డొల్లను గట్టుదురు. పలక యంచునఁ బలుచోట్ల గాడులు తొలిచి, వానిలోఁ జెక్కబిళ్లలను జొనిపి, రెండవపలక యంచును దానిమీఁద దిగఁగొట్టి, కొయ్యసీలలతో బిగింతురు. ఇట్లు పలక కొక పలక కఱచుకొని డొల్ల యేర్పడిన పిమ్మట లోపల వంకకొయ్యల నమర్తురు. ఇది దృఢమైనది, కాని యాలస్యమగునది. చేయి తిరిగిన వడ్రంగి కావలెను. డాన్యూబు ప్రాంతమున ఓబెర్‌ష్టిమ్ అనుచోట 1986లోఁ గనుగొనఁబడి, 1994లో వెలికిఁ దీయఁబడి, ఇపుడు మాన్‌చింగ్ ప్రదర్శనశాలలోనున్న రెండు రోమక సైనికనౌకలు క్రీ. శ. 100 ప్రాంతమునకుఁ జేరినవి. వానిలో నీ గాడి-బిళ్ల పద్ధతియే కలదు. సరిహద్దునదికి వచ్చినను రోమకులు సముద్రపుఁబద్ధతి నాఁడు విడువలేదన్నమాట.

మైంట్స్ నౌకలలో నా గాడులు లేవు. పలకలు సుమారు 2 సెంటీమీటర్ల మందము గలవి. అంచున కంచు తాఁకించి, లోపలి వంకకొయ్యలకు నినుపచీలలతోఁ గొట్టఁబడినవి. పలకకుఁ బలకతో సంబంధము లేదు. రెండును వంకకొయ్యనే పట్టుకొనియున్నవి. మఱియు నచ్చటచ్చటఁ జిన్న చీలలు పెఱికిన రంధ్రములు కొయ్యముక్కలతోఁ బూడ్చఁబడి కనఁబడుచున్నవి. దానివలన, నౌక కట్టునపుడు ముందుగా నాకారమును నిర్ణయించు తాత్కాలికపు టచ్చు లుండెననియు, పలకల నా యచ్చులకుఁ దగిలించి, శాశ్వతమగు వంకకొయ్యల నమర్చిన పిదప అచ్చుల నూడఁదీసిరనియుఁ బరిశోధకులు తేల్చిరి. అచ్చు లున్నచో నొక నౌకవంటి నౌకను మఱల మఱలఁ గట్టవచ్చును. మూలరూపమును నిర్ణయించు నిపుణుఁ డొక్కఁడు చాలును; తక్కినపనికి సామాన్యులగు వడ్రంగులు చాలుదురు. ఏడేండ్లలో 225 నౌకలు సిద్ధము కావలెనను నాజ్ఞ యెట్టి పనితీరును మనసులో నుంచుకొని వెలువడెనో యిప్పుడూహింపవచ్చును.

వెజీటియుస్ మౌనమునకు నిదియే వ్యాఖ్యానము. క్రీ. శ. 100 నాఁటి ఓబెర్‌ష్టిమ్ నౌకకును, 4వ శతాబ్దాంతమందలి మైంట్స్ నౌకకును నడుమ నెవ్వఁడును గ్రంథస్థము చేయని మార్పు జరిగినది. ఉత్తరదేశపు నదులపై స్థానికులగు పనివాండ్ర యలవాటును రోమకసైన్యము గ్రహించి, తన యవసరమునకుఁ దగినట్లు దిద్దుకొనినది. ప్రాచీనవిద్య చూపినదానికంటె వాడుక యెక్కువ గనిపెట్టినదను వాక్యము వినయోక్తి కాదు, జరిగిన సంగతి యని కొయ్య రుజువు చేయుచున్నది.

నామనిర్ణయమందలి సంశయము

ఈ నౌకలపై 'లూసోరియా' యని వ్రాఁత యేదియు లేదు. దేశము, కాలము, సైనికప్రయోజనము, తేలికయైన దీర్ఘాకారము అను హేతువులచే నా పేరు పెట్టఁబడినది. ఇది యనుమానప్రమాణము, ప్రత్యక్షము కాదు. అమ్మియానుస్ లెక్కతో దీనిఁ బోల్చినచో నొక చిక్కు వచ్చును. 40 నౌకలలో 300 మంది యనఁగా నౌకకు ఏడెనిమిదిమంది. మైంట్స్ నౌకకుఁ దెడ్లు వేయువారే 30 మంది కావలెను. ఈ రెండు సంఖ్యలును బొసఁగుటకు రెండు త్రోవలు గలవు. ఆ 300 మంది యొడ్డున దిగి పోరాడుటకై యెన్నఁబడినవారు, తెడ్లవారు వేఱు, అనుట యొకటి. లూసోరియా యను పేరు ఒక్క కొలతగల నౌకకు గాక, పెద్దవియుఁ జిన్నవియు నగు కావలినౌకల కన్నిటికిని సామాన్యనామ మనుట రెండవది. 412 నాఁటి యాజ్ఞయందు నౌకలలో నవాంతరభేదములు చెప్పఁబడుటచే రెండవది యసంభవము కాదు. కొయ్య యొక్కటియే యుండి గ్రంథము లేనిచో నీ నౌకకుఁ బేరే లేదు. గ్రంథ మొక్కటియే యుండి కొయ్య లేనిచో నీ ప్రశ్నయే పుట్టదు.

నౌకలు విడువఁబడినది 5వ శతాబ్ద్యారంభమున నని యెంచుచున్నారు. 406 డిసెంబరు 31న వాండలులు, అలానులు, స్వేబులు రైనును దాఁటిరని ప్రసిద్ధి. కొలఁదియేండ్లకు జెరోమ్ మహాశయుఁడు వ్రాసిన లేఖలో మైంట్స్ పట్టువడి నాశమైనట్లును, దేవాలయమున వేలకొలఁది జనులు చంపఁబడినట్లును గలదు. ఆ రాత్రి నది గడ్డకట్టినదని తఱచుగాఁ జెప్పుదురు గాని, ప్రాచీనగ్రంథముల నా మాట లేదు. అది 18వ శతాబ్దమున గిబ్బను చేసిన యూహ. 357లో మంచు పట్టకుండ నది నంతయుఁ గలియఁబెట్టిన నౌకలజాతి 406 నాఁ డెచట నుండెనో గ్రంథము చెప్పదు, కొయ్యయుఁ జెప్పదు.

ప్రదర్శనశాల

వెలికివచ్చిన కొయ్యను గాపాడుట త్రవ్వుటకంటె దీర్ఘకాలము పట్టిన పని. శతాబ్దములు నీటిలో నానిన కొయ్యలోని సారము కరఁగి, ఆ స్థానమున నీరే నిండియుండును. అట్టిదాని నెండనిచ్చినచో ముడుఁతలు పడి చీలిపోవును. 1852లో స్థాపింపఁబడి, 2023 నుండి లైబ్నిజ్ పురావస్తుకేంద్ర మను పేరఁ బిలువఁబడుచున్న మైంట్స్ పరిశోధనాలయమువారు, నీటి స్థానమున మెలమైను రాళమును జొప్పించి గట్టిపఱచు పద్ధతిచేఁ బలకలను రక్షించిరి. పిమ్మటఁ బూర్వము టోకు అంగడిగా నుపయోగింపఁబడిన పెద్దశాలను ప్రదర్శనశాలగా మార్చి 1994లోఁ దెఱచిరి.

ఆ శాలలోఁ బ్రవేశించినవాఁడు రెండు విధములైన నౌకలను జూచును. ఒకటి ప్రాఁత కొయ్య: నల్లబడి, అంచులు విఱిగి, నడుమ లోపించి, ఊఁతలపై నిలిచిన పలకలును వంకకొయ్యలును. రెండవది పూర్ణప్రమాణమునఁ గట్టిన ప్రతికృతులు: రెండు జాతులకును జెఱియొకటి, తెడ్లతోడను, తెఱచాపకొయ్యతోడను. సామాన్యుని చూపు ప్రతికృతిపైనే నిలుచును. అదియే యోడవలె నున్నది. కాని సాక్షి యనఁదగినది విఱిగిన కొయ్య. ప్రతికృతి యా సాక్ష్యముపై వ్రాసిన వ్యాఖ్య. మూలము, వ్యాఖ్య యొక్క పుటలో నెదురెదురుగా నచ్చుపడిన గ్రంథమువలె, రెండును గలియకుండ నొకచోట నుంచుట యా శాల చేసిన మేలు. ఏ కొన యూహయో, ఏ కొన లభ్యమో చూచువాఁడు తానే పోల్చుకొనవచ్చును.

వ్యాఖ్యను బరీక్షించిన వారును గలరు. రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమువారు 2004లో మైంట్స్ నౌకల ననుసరించి పూర్ణప్రమాణపు లూసోరియా నొకదానిఁ గట్టి విద్యార్థులచేఁ దెడ్లు వేయించి నదిలో నడపిరి. గ్రంథము వర్ణింపక విడిచిన నేర్పు చేతులలో నెంతవఱకు మరల నిలువఁగలదో పరికించుటకు నదియే మార్గము.

నేమీ సరస్సు

కొయ్య దొరకినంతమాత్రమున నిశ్చింత యని తలఁపరాదు. దీనికి నేమీ సరస్సునందలి నౌకలే దృష్టాంతము. ఇవి యుద్ధనౌకలు కావు. సెనెకా యే యర్థమున లూసోరియా యనెనో ఆ యర్థమునకుఁ జేరఁదగిన రాజవిలాసనౌకలు. 37 నుండి 41 వఱకు నేలిన కాలిగులా చక్రవర్తివి. రోముకు దక్షిణమున చిన్న సరస్సులో మునిఁగియుండిన యీ రెండు నౌకలు ఒక్కొక్కటి 70 మీటర్లకుఁ బైగాఁ బొడవు గలవి. 15వ శతాబ్దమున లియోన్ బత్తిస్త అల్బెర్తి మొదలుకొని పలువురు వానిని లాగఁజూచి విఫలులైరి. చివరకు ముస్సోలిని ప్రభుత్వము 1928లో సరస్సునీటిని యంత్రములచేఁ దోడించుటకు మొదలిడి 1932 నాఁటికి రెండింటిని నొడ్డునకుఁ జేర్చినది. వానికై యొడ్డుననే పెద్ద ప్రదర్శనశాల కట్టిరి. 1944 మే 31 రాత్రి, యుద్ధము ఆ ప్రాంతముమీఁదుగా సాగుచుండఁగా, శాల యంటుకొని రెండు నౌకలును బూడిద యయ్యెను.

నీటియడుగున పందొమ్మిది శతాబ్దములు నిలిచిన కొయ్య నేలమీఁద పండ్రెండేండ్లకే నశించినది. నేఁడు నేమీ నౌకలఁ గూర్చి తెలిసినదంతయు 1940లో గ్వీదో ఉచెల్లి ప్రకటించిన గ్రంథమువలనను, నాఁడు తీసిన కొలతలు, చిత్తరువులు, ఛాయాచిత్రములవలనను, కాలక మిగిలిన లోహఖండములవలనను దెలిసినదే. మైంట్స్‌లో గ్రంథము మౌనము వహింపఁగాఁ గొయ్య పలికినది. నేమీలోఁ గొయ్య కాలిపోఁగా గ్రంథము పలుకుచున్నది. 1982లో మైంట్స్ పండితులు కొయ్యను గదల్పకముందే కొలతలు వ్రాసికొనుటకుఁ ద్వరపడుట వెఱ్ఱి కాదని నేమీ బూడిద చెప్పును.

ఆంధ్రదేశమున నీ విచారమునకు స్థానము

రోమకులతో నౌకావర్తకము సాగించిన యాంధ్రతీరమున సాక్ష్యస్థితి యెట్లున్నదో యించుక చూడవలెను. శాతవాహనుల నాణెములపై రెండుకొయ్యల యోడ యచ్చుపడియున్నది. బ్లుస్సుస్ శిలవలె నదియు వెలుపలి యాకారమునే చూపును. భోజకృతమని ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు నౌకల జాతులను, కొలతలను జెప్పి, సముద్రనౌకకు నినుపకట్టు వలదని నిషేధించును. నీటిలోని యయస్కాంతశిల లాగునను భయము దానికిఁ గారణము. ఆ గ్రంథము విధినిషేధములఁ జెప్పును. ఒక పలక నొక పలకతోఁ జేర్చు హస్తకౌశలము శ్లోకమున నిముడునది కాదు. అది వడ్రంగి చేతిలో నుండును.

ఆ చేతివారి మాటలే చరిత్రకు సాక్షులు. 'నావ', 'దోనె' యను తెలుఁగుమాటలు నౌ, ద్రోణి శబ్దముల తోడఁ బుట్టినవి. 'చుక్కాని' యరబ్బీ 'సుక్కాన్' నుండియు, 'సరంగు' పారసీక 'సర్‌హంగ్' నుండియు వచ్చినవి. కేనిపాతకము కోశములోనే యుండిపోయి, అరబ్బు నావికుని మాట తీరమంతటను వ్యాపించుట యేకాలపు వర్తకమును సూచించునో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. కోరంగి యొకప్పుడు నౌకానిర్మాణమునకుఁ బేరుగన్న రేవు. 1839 తుపాను దానిని బాడుచేసినది. దానిప్రక్కనున్న తాళ్లరేవు ప్రాంతమున 20వ శతాబ్దమునను గొయ్యయోడలు కట్టుచుండిరి. తీరమున ఫైబరు పడవలు వ్యాపించినకొలఁదిఁ గొయ్యపని తగ్గినది. ఓడ యడుగుదూలమునకు, వంకకొయ్యకు, పలకల సందునఁ గూరు నారకు, పలకను వంచుటకై కాచు విధానమునకు నా పనివారు వాడు మాటలు నిఘంటువులలో నెన్ని యెక్కినవో చూచిన పండితునకుఁ బని యెంత మిగిలియున్నదో తెలియును.

అందఱికిని దెలిసినదానిని వ్రాయనక్కఱలేదని వెజీటియుస్ తలఁచెను. వ్రాయఁబడక నశించునది ప్రాయికముగా నట్టిదే. ఆతఁడు విడిచిన ఖాళీ పూరించుటకు రైను బురద పదునైదు శతాబ్దములు కొయ్యను దాఁచియుంచినది. గోదావరి యొండ్రు అట్లు చేయునను భరోసా లేదు. కోశపాఠము చెప్పు బడిపంతులు వారివర్గమునకు వచ్చినపుడు, క్షేపణి, అరిత్రము, కేనిపాతకము అని పర్యాయములు వల్లెవేయించి యూరకుండక, నదియొడ్డున నున్న యూరివాఁడైనచో నొక దినము విద్యార్థులఁ బడవలు కట్టువారికడకుఁ గొనిపోయి, ప్రతికొయ్యకును వారి మాటను, ఆ కొయ్య చిత్తరువును బ్రక్కప్రక్కన వ్రాయించినచో, శబ్దమును నర్థమును విడిపోకుండ నొక తరమునకైనను నిలుచును.